పకియావ్ ముప్ఫై ఏళ్ల బాక్సింగ్‌ను వరుసగా చూడాలంటే: ఒక చందా వీడియో సేవపై సమీక్ష

బాక్సింగ్‌లో ఎనిమిది బరువు విభాగాల్లో ప్రపంచ టైటిళ్ళు గెలిచినవాడు ఇప్పటివరకు ఫిలిప్పీన్స్‌కు చెందిన మానీ పకియావ్ ఒక్కడే. 1995 జనవరిలో, పదహారేళ్ల వయసులో ప్రొఫెషనల్‌గా రింగులోకి దిగిన అతడు 2025 జూలైలో, నలభై ఆరేళ్ల వయసులో, లాస్ వేగాస్‌లో మారియో బారియోస్‌తో పన్నెండు రౌండ్లూ పోరాడి డ్రాగా ముగించాడు. పాత బాక్సింగ్ పోటీలను చందా మీద చూపించే ఒక వీడియో సేవను నేను తీసుకున్నది ఈ ఒక్క బాక్సర్ కోసమే. అందులో ఉన్న పోటీలన్నింటి గురించి చెప్పడం నా ఉద్దేశం కాదు. పకియావ్ జీవితాన్ని మొదటి నుంచి చివరి దాకా చూడాలనుకునే ప్రేక్షకుడికి ఆ సేవ ఎంతవరకు ఉపయోగపడుతుందన్నదే ఇక్కడ నేను పరిశీలించిన విషయం.

పకియావ్ పోటీలను విడివిడిగా, ముఖ్యంగా నాకౌట్ ముక్కలుగా చూస్తే వేగం ఒక్కటే కనిపిస్తుంది. తేదీల వరుసలో పూర్తిగా చూస్తేనే, 112 పౌండ్ల ఫ్లైవెయిట్‌గా మొదటి ప్రపంచ టైటిల్ గెలిచిన మనిషి 154 పౌండ్ల పరిమితి ఉన్న లైట్ మిడిల్‌వెయిట్‌లో టైటిల్ గెలిచేంత వరకు తన ఆటలో ఏది మార్చుకున్నాడో, ఏది వదులుకోలేదో తెలుస్తుంది. కాబట్టి ఇటువంటి సేవకు అసలు పరీక్ష ఎన్ని పోటీలు ఉన్నాయన్నది కాదు, ఏవి లేవన్నది.

ఈ సేవలో లేనివి ఎక్కువగా తొలి ఆరేళ్లవే. ఉండవలసిన బరువు లేక జేబుల్లో బరువులు పెట్టుకొని తూనికకు నిలబడ్డానని పకియావ్ స్వయంగా చెప్పిన కాలం అది. ఫిలిప్పీన్స్ టెలివిజన్‌లో వారంవారం వచ్చిన బాక్సింగ్ కార్యక్రమం అతన్ని దేశానికి పరిచయం చేసిన కాలం కూడా అదే. 1996లో బరువు మించినందుకు ఎక్కువ బరువున్న గ్లోవ్స్ వేసుకొని దిగి, రుస్టికో టోరెకాంపో చేతిలో మూడో రౌండులో పడిపోయిన పోటీ ఇక్కడ లేదు. 1998 డిసెంబరులో థాయ్‌లాండ్‌లో చాచాయ్ ససాకుల్‌ను ఎనిమిదో రౌండులో పడగొట్టి ఫ్లైవెయిట్ టైటిల్ గెలిచిన పోటీ ఉంది గాని, చిత్రం మసకగా ఉంది. ఆ తర్వాతి ఏడాది బరువు తగ్గలేక టైటిల్‌ను తూనిక దగ్గరే పోగొట్టుకొని, మరునాడు మెద్గోయెన్ సింగ్‌సురాత్ చేతిలో మూడో రౌండులో ఓడిపోయిన పోటీ మళ్లీ లేదు. ఓటములు కనుక వదిలేశారని నేను అనడం లేదు, వాటి హక్కులు దొరకడం కష్టమై ఉండవచ్చు. కాని ఆ ఓటమి చూడనివారికి, అతడు ఆ తర్వాత మధ్యలోని రెండు విభాగాలను దాటేసి నేరుగా 122 పౌండ్లకు ఎందుకు వెళ్లాడో అర్థం కాదు. శరీరం ఇక ఒప్పుకోని బరువును వదిలేయడం నుంచే ఎనిమిది విభాగాల ప్రయాణం మొదలైంది. 'సంపూర్ణ సంకలనం' అని పేరు పెట్టుకున్న జాబితాలో ఈ పోటీ ప్రస్తావన అయినా లేకపోవడం పెద్ద లోపం.

2001 జూన్ నుంచి సేవ విలువ ఒక్కసారిగా పెరుగుతుంది. కేవలం రెండు వారాల ముందు వచ్చిన అవకాశాన్ని అందుకొని, లాస్ వేగాస్‌లో లెహ్లో లెద్వాబాను ఆరో రౌండులో ఆపించి రెండో విభాగంలో టైటిల్ గెలిచిన పోటీ పూర్తిగా, శుభ్రమైన చిత్రంతో ఉంది. హాలీవుడ్‌లోని వైల్డ్ కార్డ్ జిమ్‌లో ఫ్రెడ్డీ రోచ్ శిక్షణ అప్పుడే మొదలైంది. 2003 నవంబరులో శాన్ ఆంటోనియోలో మార్కో ఆంటోనియో బరేరాపై పదకొండో రౌండులో ముగిసిన పోటీని దీని వెంటనే చూడమని నా సలహా. ఎడమచేతి స్ట్రెయిట్ పంచ్ అప్పటికీ అతని ప్రధాన ఆయుధమే. కుడిచెయ్యి ఇంకా దారి చూపే చెయ్యిగానే ఉంది. 2009 నాటి పోటీలకు వచ్చేసరికి అదే కుడిచేతి హుక్ (మోచెయ్యి వంచి పక్క నుంచి కొట్టే దెబ్బ) స్వతంత్రంగా మనుషులను పడగొడుతోంది. రికీ హ్యాటన్ రెండో రౌండులో పూర్తిగా పడిపోయింది ఎడమచేతి దెబ్బకే అయినా, మొదటి రౌండులో అతన్ని తొలిసారి కింద పడేసింది ఆ కుడి హుక్కే. ఒక గురువు, ఒక శిష్యుడు కలిసి ఏళ్ల తరబడి ఒక చేతికి నేర్పిన పని ఇలా కళ్లెదుట కనబడటం నాకు ఈ చందా ఇచ్చిన గొప్ప ఆనందం.

అందుకే రౌండ్ల మధ్య ఒక్క నిమిషం విరామాన్ని కత్తిరించిన పోటీల విషయంలో నాకు తీవ్రమైన అభ్యంతరం ఉంది. ఆ నిమిషంలోనే రోచ్ ఏం చెబుతున్నాడో, ప్రత్యర్థి కార్నర్‌లో, అంటే అతని శిక్షకులు ఉండే మూలలో, ఎంత ఆందోళన ఉందో తెలుస్తుంది. 2008 డిసెంబరులో ఆస్కార్ డి లా హోయా ఎనిమిది రౌండ్ల తర్వాత తన స్టూలు మీదే పోటీ విరమించుకున్నాడు. అటువంటి పోటీలో విరామాలు తీసేస్తే ముగింపు అర్థంలేనిదవుతుంది. అయినా ఆ వీడియోకు 'పూర్తి పోటీ' అనే రాశారు. దీనిపై నేను పంపిన ఫిర్యాదుకు మర్యాదగా జవాబు వచ్చింది గాని, వీడియో మాత్రం మారలేదు.

ఈ సేవ నిజంగా రాణించింది హువాన్ మాన్యుయెల్ మార్కెజ్‌తో జరిగిన నాలుగు పోటీల దగ్గర. నాలుగింటినీ ఒకేచోట, జడ్జీల రౌండువారీ మార్కులతో సహా ఇచ్చారు. 2004 మేలో మొదటి రౌండులోనే మార్కెజ్ మూడుసార్లు పడిపోయాడు. రౌండు గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9 ఇచ్చి, పడిన ప్రతిసారికీ ఒకటి తగ్గిస్తారు. ఆ లెక్కన ఆ రౌండుకు 10-6 ఇవ్వవలసిన ఒక జడ్జి పొరపాటున 10-7 ఇవ్వడంతో అతని మొత్తం 113-113 అయింది. మిగిలిన ఇద్దరిలో ఒకరు పకియావ్‌కు, మరొకరు మార్కెజ్‌కు 115-110 ఇచ్చారు గనుక పోటీ డ్రా అయింది. ఆ పాయింటు సరిగా తగ్గించి ఉంటే పకియావ్ గెలిచేవాడు. ఆ ఒక్క పాయింటే నాలుగు పోటీల కథకు కారణమని పట్టిక చూస్తూ ఉంటే తెలిసిపోతుంది. 2008లో ఇద్దరు జడ్జీలు పకియావ్‌కు, ఒకరు మార్కెజ్‌కు మొగ్గడంతో, 2011లో మెజారిటీ నిర్ణయంతో (ఇద్దరు జడ్జీలు అతనికి, ఒకరు సమానమని ఇవ్వడంతో) పకియావ్ గెలిచాడు. 2012 డిసెంబరులో మూడో రౌండులో తాను పడి, ఐదో రౌండులో మార్కెజ్‌ను పడగొట్టి, ముగ్గురి పట్టికల్లోనూ 47-46తో ముందున్న పకియావ్, ఆరో రౌండు ముగియడానికి ఒక్క క్షణం ముందు మార్కెజ్ కుడిచేతి దెబ్బకు ముఖం మీద పడిపోయాడు. ఎనిమిదేళ్లపాటు అతని ఎడమచేతిని చదివిన ప్రత్యర్థి కొట్టిన దెబ్బ అది. నాలుగు పోటీలూ వరుసగా చూసినవారికి అది అదృష్టంగా అనిపించదు.

టైటిళ్ళ లెక్కలో మరికొంత వివరణ ఉండవలసింది. ఫెదర్‌వెయిట్, లైట్ వెల్టర్‌వెయిట్‌లలో అతడు గెలిచింది ప్రపంచ టైటిళ్ళు ఇచ్చే నాలుగు ప్రధాన సంస్థల బెల్టులు కావు, ఆయా విభాగాల్లో అగ్రగామిగా గుర్తింపు పొందినవారిని ఓడించి సంపాదించిన స్థానాలు. 2010 నవంబరులో ఆంటోనియో మార్గరీటోతో లైట్ మిడిల్‌వెయిట్ టైటిల్ పోటీ 154 పౌండ్లకు కాక, ముందే ఒప్పుకున్న 150 పౌండ్ల పరిమితికి జరిగింది. ఇవి అతని ఘనతను తగ్గించవని నా అభిప్రాయం. పోటీనాటి రాత్రికి మార్గరీటో అతనికన్నా దాదాపు పదిహేడు పౌండ్లు ఎక్కువ బరువున్నాడు. చివరి రౌండ్లలో ప్రత్యర్థి కంటి స్థితి చూసి పోటీ ఆపమన్నట్టు రిఫరీ వైపు తిరిగినవాడు కూడా పకియావే. అయినా ప్రేక్షకుడికి ఈ వివరాలు చెప్పవలసిన బాధ్యత సేవది.

2015 మేలో ఫ్లాయిడ్ మేవెదర్ చేతిలో ఓడిన పోటీ ఉంది, దాని గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. నలభై ఏళ్ల వయసులో, 2019 జూలైలో అప్పటిదాకా ఓటమి ఎరుగని కీత్ థర్మన్‌ను మొదటి రౌండులోనే కింద పడేసి గెలిచిన పోటీని మాత్రం తప్పక చూడాలి.

వాడుక పరంగా, పోటీలు తేదీల వరుసలో కాక ప్రత్యర్థి పేరు వరుసలో ఉండటం విసుగు పుట్టిస్తుంది. వరుస ముందే రాసిపెట్టుకోవడం మంచిది. వ్యాఖ్యానాన్ని ఆపి రింగు శబ్దాలు మాత్రమే వినే వీలు చాలా బాగుంది. తెలుగు ఉపశీర్షికలు లేవు. నిఖత్ జరీన్ విజయాల వల్ల మన దగ్గర చాలామందికి మూడు రౌండ్ల అమెచ్యూర్ బాక్సింగ్ పరిచయమైంది. వారికి పన్నెండు రౌండ్ల పోటీలో బలం దాచుకొని ఆడే తీరు కొత్తగా ఉంటుంది కాబట్టి, బరేరా పోటీతో మొదలుపెడితే సులువు. ఏడాది చందా కట్టవద్దు. 2001 నుంచి ఉన్న పోటీలను శ్రద్ధగా చూడటానికి రెండు మూడు నెలల చందా చాలు. తొలి ఆరేళ్ల లోటు పూరించి, కత్తిరించిన విరామాలను తిరిగి చేర్చిన రోజున మిగతా నెలలకూ కట్టవచ్చు.