కచేరీనా, కోరస్సా, డోలా: యుద్ధం ఆగిన ఊళ్లో ఏది మేలు?

తుపాకులు ఆగాక రెండు పక్షాల జనాన్ని సంగీతంతో దగ్గర చేద్దామనుకునేవాళ్లు అడిగే ప్రశ్న మారదు. పెద్ద కచేరీ పెట్టాలా, కోరస్ కట్టాలా, ఆర్కెస్ట్రా మేలా, వాద్యాలు నేర్పే బడి మేలా? సంగీతం దానంతటదే మంచి చేస్తుందన్న నమ్మకాన్ని మాత్రం ముందే పక్కన పెట్టండి. 1994లో రువాండాలో హుటూ తీవ్రవాదులు టుట్సీలను ఊచకోత కోసినప్పుడు ఆర్‌టీఎల్‌ఎం రేడియో ద్వేషాన్ని నూరిపోసింది పాటల మధ్యనే. పేరున్న గాయకుడు సిమోన్ బికిండికి అంతర్జాతీయ ట్రిబ్యునల్ 2008లో 15 ఏళ్ల శిక్ష వేసింది. పాటలకు కాదు, లౌడ్‌స్పీకర్లో టుట్సీలను చంపమని పిలుపిచ్చినందుకు.

కచేరీ సంగతి చూద్దాం. 1997 సెప్టెంబరు 23న బోస్నియా రాజధాని సరయేవోలోని కొషెవో స్టేడియంలో ఐర్లండ్ రాక్ బృందం యూటూ పాడింది. దాదాపు 45 వేల మంది వచ్చారు. యుద్ధంలో ఆగిపోయిన రైళ్లు ఆ కచేరీ కోసం నడిచాయి. గాయకుడు బోనో గొంతు పోతే పాట జనమే అందుకున్నారు. మామూలు బతుకు మళ్లీ వస్తుందని ఊరికి ఒక రాత్రి చూపించడానికి ఇంతకు మించింది లేదు. కానీ స్టేడియంలో పక్కన నిలబడ్డవాడి పేరు తెలుసుకోనక్కర్లేదు. ఇంటికెళ్లాక ఎవరి వీధి వాళ్లదే.

కోరస్ అలా కాదు, వారం వారం కూర్చోబెడుతుంది. సరయేవోలోనే 1996లో ఫ్రాన్సిస్కన్ సన్యాసి ఇవో మార్కోవిచ్ మొదలుపెట్టిన పొంటానిమా కాథలిక్, ఆర్థడాక్స్, ముస్లిం, యూదు భక్తిగీతాలను ఒకే బృందంతో పాడిస్తుంది. ఖర్చు తక్కువ: ఒక గది, ఒక కీబోర్డు, పాటల కాగితాలు. కష్టం వేరేచోట ఉంది. నిన్నటిదాకా తన ఇంటి మీద తూటాలు కురిపించినవాళ్ల ప్రార్థనను తన నోటితో పలకాలి. ప్రతి పాటలోనూ ఒకరు ఇంటివాళ్లు, మిగతావాళ్లు చుట్టాలు. అందుకే ఎదుటివాళ్ల భక్తిగీతాన్ని మొదటి రిహార్సల్లో పెట్టకూడదు. రెండు మూడు నెలలు ఊపిరి సాధన, మాటల్లేని స్వరాలు, ఒకరి వెనక ఒకరు అందుకునే వరసలతో నడపాలి. ఉచ్చారణ ఆ మతంవాళ్లే నేర్పాలి, బయటి గురువు కాదు.

ఆర్కెస్ట్రా అనగానే అందరూ చెప్పేది ఇజ్రాయెలీ, అరబ్బు యువకళాకారులు కలిసి వాయించే వెస్ట్-ఈస్టర్న్ దివాన్. 1999లో జర్మనీలోని వైమార్‌లో సంగీత నిర్దేశకుడు డేనియల్ బారెన్‌బోయిమ్, పాలస్తీనా మూలాలున్న రచయిత ఎడ్వర్డ్ సయీద్ మొదలుపెట్టారు. ఆ రెండు పక్షాల మధ్య యుద్ధం ముగిసిందీ లేదు, కాబట్టి దాన్ని సయోధ్యకు నమూనా అనడం కొంచెం ఎక్కువే. ఒక్క విషయం మాత్రం తీసుకోదగ్గది. వయొలిన్ల వరసలో ఇద్దరికి ఒకే స్టాండు. పేజీ తిప్పాల్సినప్పుడు లోపలివైపు కూర్చున్నవాడు వాయించడం ఆపి తిప్పుతాడు, బయటివాడు వాయిస్తూనే ఉంటాడు. కమాను ఎక్కడ పైకి, ఎక్కడ కిందికి అన్నది ఇద్దరికీ ఒకటే. ఆ స్టాండు దగ్గర ఒక అరబ్బు, ఒక ఇజ్రాయెలీ కూర్చుంటే మాట్లాడుకోక తప్పదు. కానీ అక్కడికి వచ్చేది అప్పటికే బాగా వాయించగలవాళ్లు. 2005లో పాలస్తీనా నగరం రామల్లాలో కచేరీకి వాళ్లను చేర్చడానికి స్పెయిన్ దౌత్య పాస్‌పోర్టులు ఇవ్వాల్సొచ్చింది. ఊరి స్థాయిలో అదెలా కుదురుతుంది?

అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇది: ఇద్దరూ ఒకే గీత దగ్గర మొదలవుతున్నారా? ఒకరికి వచ్చి ఇంకొకరికి రాకపోతే, వచ్చినవాడు దాత అవుతాడు, రానివాడు చేయి చాచినవాడు అవుతాడు. ఈ లెక్కలో రువాండా మహిళల డోలు బృందం ఇంగోమ న్ష్య అన్నిటికంటే ముందుంటుంది. 2004లో బుటారేలో (ఇప్పటి హుయే) ఒడిల్ గకిరె కటెసె మొదలుపెట్టారు. ఇంగోమ అంటే డోలు, రాజ్యం కూడా. న్ష్య అంటే కొత్త. రాజుగారి డోళ్లను ఆడవాళ్లు ముట్టుకోకూడదన్నది అక్కడి పాత కట్టుబాటు. దాంతో హుటూ స్త్రీకీ రాదు, టుట్సీ స్త్రీకీ రాదు. భర్తను పోగొట్టుకున్నామె, భర్త జైల్లో ఉన్నామె ఒకే రోజు మొదటిసారి కర్రలు పట్టుకుంటారు.

డోలుకు మాట అక్కర్లేదు. చిన్న డోలు ఇషాక్వే లయ పట్టి ఉంచుతుంది, పెద్దవి దాని మీద పడతాయి. చెవి పక్కామె మీద లేకపోతే మొత్తం చెదిరిపోతుంది. మన కోలాటంలో ఎదుటామె కర్ర ఎప్పుడొస్తుందో చూడకపోతే వేళ్లు పగులుతాయే, అలాగే. ఒక్క దెబ్బ తప్పినా అందరికీ వినబడుతుంది కాబట్టి తప్పు దాచుకోలేరు. నవ్వుకుని మళ్లీ మొదలుపెడతారు. లోపమూ ఉంది. బృందం తిండి పెట్టదు, పూట గడవనివాళ్లు మానేస్తారు. అందుకే 2010లో అక్కడే వీళ్లు ఐస్‌క్రీమ్ దుకాణం పెట్టారు.

పిల్లల విషయంలో ఇదే సూత్రం బోస్నియాలోని మోస్టార్‌లో రాక్ బడి రూపంలో నడుస్తోంది. 1993 పోరుతో ఊరు పడమర క్రొయేట్లది, తూర్పు బోస్నియాక్‌లది (బోస్నియా ముస్లింలది) అయింది. పిల్లలు చదివే పాఠ్యక్రమాలూ వేరు. రాక్ ఎవరి తాత సొత్తూ కాదు. 2012లో మొదలైన ఈ బడి తూర్పు వైపున్న పవరోట్టి సంగీత కేంద్రంలో ఉంది, కాబట్టి పడమటి పిల్లలు ఊరు దాటి రావాలి. ఇలాంటి బడి పెట్టేటప్పుడు చోటు ఎంపికకే ఎక్కువ సమయం ఇవ్వండి.

నడిపేటప్పుడు చూడాల్సినవి: వారానికి రెండు గంటల చొప్పున కనీసం ఏడాది. గుంపుకు 12 నుంచి 16 మంది. ఏ పక్షమూ మూడో వంతుకు తగ్గకూడదు, తగ్గితే మిగిలినవాళ్లూ రెండు వారాల్లో జారుకుంటారు. బ్యాండులో ఎవరెవరో గురువే నిర్ణయించాలి, స్నేహితులకు వదిలేస్తే పాత గీతే మళ్లీ పడుతుంది. బేస్ గిటారూ డ్రమ్సూ చెరో వైపు పిల్లలకు ఇవ్వండి, ఆ ఇద్దరూ ఒకరినొకరు వినకుండా పాట ఒక్క ఆవృత్తం కూడా సాగదు. డబ్బిచ్చినవాళ్లు మూడో నెలకే ప్రదర్శన అడుగుతారు. ఒప్పుకుంటే వచ్చినవాళ్లు ముందుకొస్తారు, రానివాళ్లు వెనకబడతారు, సమానంగా మొదలైంది కాస్తా పోతుంది. విలేకరులను రిహార్సల్‌కు రానివ్వొద్దు. వాళ్లు అడిగే మొదటి ప్రశ్న "నువ్వు ఏ వైపు?" అనే.

ఉమ్మడి ఆల్బమ్, ఆన్‌లైన్ పాట లాంటివి ఫొటోలకు పనికొస్తాయి. సంగీత చికిత్స వేరే పని, దానికి శిక్షణ ఉన్నవాళ్లే కావాలి.

బడ్జెట్ చాలకపోతే వాద్యాలు తగ్గించండి, ఇద్దరికి ఒక డోలైనా పర్లేదు. బస్సు చార్జీలు మాత్రం తగ్గించొద్దు. చీకటి పడ్డాక అవతలి వీధుల్లోంచి నడిచి వెళ్లాల్సిన పిల్లను రెండో వారం నుంచి తల్లి పంపదు.