తిరుపతి ప్రభుత్వ మెటర్నిటీ ఆసుపత్రిలో కాన్పు ఎలా ఉంటుంది?

రుయా ఆసుపత్రి పక్కనున్న ఈ ఆసుపత్రికి తిరుపతి వాళ్లే కాదు, శ్రీకాళహస్తి, పుత్తూరు, పీలేరు వైపు నుంచీ గర్భిణులు వస్తారు. ఎస్వీ మెడికల్ కాలేజీకి అనుబంధం కావడంతో అర్ధరాత్రి సిజేరియన్ పడినా డాక్టర్లు డ్యూటీలోనే ఉంటారు. బీపీ, షుగర్, కవలలు, పాత ఆపరేషన్ ఉన్నవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఇక్కడే. పెద్దాసుపత్రి కాబట్టి రద్దీ తప్పదు. విడి గది, ఏసీ కావాలనుకునేవాళ్లు మాత్రం వేరేచోట చూసుకోవాలి.

తొలి కాన్పైతే నొప్పులు ఐదు నిమిషాలకొకటి చొప్పున, ఒక్కోటి నిమిషం దాకా, గంటసేపు వదలకుండా వస్తే బయల్దేరండి. కాసేపు నడిస్తేనో, ఎడమ పక్కకు తిరిగి పడుకుంటేనో తగ్గిపోతే అవి దొంగ నొప్పులు. రెండో కాన్పు త్వరగా అయిపోతుంది, అంతసేపు ఆగొద్దు. ఉమ్మనీరు పోయినా, రక్తం కనబడినా, బిడ్డ కదలిక తగ్గినా, తలనొప్పితో చూపు మసకేసినా నొప్పులతో పని లేదు, వెంటనే 108కి ఫోన్ చేయండి. ఉమ్మనీరు ఆకుపచ్చగా ఉంటే బిడ్డ కడుపులోనే విరేచనం చేసిందని అర్థం, ఆ మాట చేరగానే సిస్టర్‌కు చెప్పాలి. బ్రహ్మోత్సవాలప్పుడు అలిపిరి వైపు దారులు కిక్కిరిసిపోతాయి, ముందే కదలండి.

కోపాలొచ్చేది ఎక్కువగా ఇక్కడే: లోపల పరీక్ష చేసి "ఇంకా రెండు సెంటీమీటర్లేనమ్మా, నడువు" అంటారు. అది నిర్లక్ష్యం కాదు. గర్భసంచి ముఖద్వారం ఐదు సెంటీమీటర్లు తెరుచుకునేదాకా గంటలు పడుతుంది, అక్కణ్ణుంచే వేగం. ఆ తర్వాత నాలుగు గంటలకోసారి పరీక్ష, అరగంటకోసారి బిడ్డ గుండె చప్పుడు చూడాలి. చూడకపోతే అడగండి, అడిగితే తప్పేం లేదు. పది సెంటీమీటర్లు కాకముందే ముక్కితే ముఖద్వారం వాచిపోతుంది, తల్లికి సత్తువ పోతుంది. కాన్పు తొందరగా కావాలని పొట్ట మీద నొక్కమని ఎవరినీ బతిమాలొద్దు, గర్భసంచికే ముప్పు.

బిడ్డ పుట్టిన నిమిషంలోపు తల్లికి పది యూనిట్ల ఆక్సిటోసిన్ సూది వేస్తారు, రక్తస్రావం ఆగడానికి. మాయ అరగంటలోపు పడిపోవాలి. తర్వాతి రెండు గంటలే అసలు కాపలా. బొడ్డు దగ్గర చెయ్యి పెడితే గర్భసంచి గట్టి ముద్దలా తగలాలి. మెత్తబడినా, ఐదు నిమిషాల్లో ప్యాడ్ తడిసిపోయినా గట్టిగా పిలవండి. ముర్రుపాలు గంటలోపే పట్టాలి, తేనె నాకించొద్దు. బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి టీకా ఇంటికెళ్లే ముందే వేయించుకోండి.

ఖర్చు విషయానికొస్తే, 2011 నుంచి నడుస్తున్న జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద కాన్పు, సిజేరియన్, మందులు, స్కానింగులు, రక్తం అన్నీ ఉచితం. భోజనం మామూలు కాన్పుకు మూడు రోజులు, ఆపరేషన్‌కు ఏడు రోజులు. ఏ ప్రభుత్వాసుపత్రిలోనైనా ఎవరైనా చెయ్యి చాస్తే రూపాయి ఇవ్వకుండా సూపరింటెండెంటుకు చెప్పండి. లేబర్ రూంలో తోడుగా ఒక ఆడమనిషి ఉండొచ్చని కేంద్రం 2016లోనే చెప్పింది. కాన్పు చూసిన అమ్మో అత్తో అయితే మేలు.

తల్లీబిడ్డ కార్డు, ఆధార్, స్కాన్ రిపోర్టులు, బ్యాంకు పాస్‌బుక్, ఉతికి ఎండలో ఆరేసిన పాత నూలు గుడ్డలు, వేణ్ణీళ్ల ఫ్లాస్కు ఒకే సంచిలో పెట్టుకోండి. డిశ్చార్జి రోజు ఆటో మాట్లాడుకోనక్కర్లేదు, తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ బండి ఇంటిదాకా ఉచితంగా దింపుతుంది. పొద్దున్నే సిస్టర్‌తో చెప్పి పేరు రాయించుకోండి.