నాలా వెడల్పా, చెరువులో జాగానా: హైదరాబాద్ వరదకు ఏది మేలు?

2020 అక్టోబరు 13 రాత్రి మా ఇంట్లోకి నీళ్లు గేటు నుంచి రాలేదు, బాత్రూం జాలీలోంచి ఉబికాయి. నాలాలో పట్టక వెనక్కి తన్నిన నీళ్లవి, నల్లగా, మురుగు కంపుతో. మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టి, బియ్యం డ్రమ్ము మేడ మీదికి చేర్చేలోపు మోకాలి దాకా వచ్చేశాయి. రెండుసార్లు సున్నం కొట్టించినా గోడ మీద ఆ గీత పోలేదు.

అప్పటి నుంచి వానాకాలం వస్తే చాలు, టెన్షన్‌తో పాటు కాలనీలో ఒకటే వాదన. నాలా వెడల్పు చేయించుకుంటే చాలని కొందరు, చెరువు బాగుపడందే ఏదీ ఆగదని కొందరు.

నాలా కావాలనేవాళ్ల మాట తేలిగ్గా తీసెయ్యలేం. బాక్స్ డ్రెయిన్, అంటే పెట్టెలా కాంక్రీటుతో కట్టే కాలువ, పడితే వీధిలో నీళ్లు ఆ వానకే త్వరగా లాగేస్తాయి. కానీ నాలా నీళ్లను సాగనంపుతుంది తప్ప ఆపదు. పైవాళ్లకు వెడల్పైతే కిందివాళ్ల మీదికి అవే నీళ్లు ఇంకా వేగంగా వస్తాయి. పైగా నాలా కలిసే చెరువు అప్పటికే నిండి ఉంటే, ఎంత పెద్ద డ్రెయిన్ కట్టినా నీళ్లు మళ్లీ మన జాలీలోకే.

ఈమధ్య నీళ్లు నిలిచే కూడళ్ల దగ్గర రోడ్ల కింద వాన నీళ్లు పట్టే సంపులు కడుతున్నారు. ఆ కూడలి వరకు మంచిదే. అయితే లెక్క చూడండి: ఒక ఎకరం చెరువులో మీటరు లోతు ఖాళీ ఉంటే 40 లక్షల లీటర్లు పడతాయి. 30 ఎకరాల చెరువైతే 12 కోట్ల లీటర్లు. అంత నీటికి ఎన్ని సంపులు తవ్వగలం?

1908 మూసీ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య చెప్పిందీ ఇదే, నీళ్లను ఊరికి పైనే ఆపమని. అలా 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ వచ్చాయి.

అందుకే నా ఓటు చెరువుకే. అలాగని కట్ట మీద బెంచీలు, వాకింగ్ ట్రాక్ వేస్తే బాగుచేసినట్టు కాదు. పట్టించుకోని చెరువు ఎంత ప్రమాదమో 2020లోనే చూశాం, బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి కింది బస్తీలు మునిగాయి. ముందు మురుగును చెరువులోకి రాకుండా మళ్లించాలి. పూడిక తీసి, కట్ట గట్టి చేసి, తూము తలుపులు పని చేయించి, జూన్‌ నాటికి కనీసం మీటరు ఖాళీ ఉంచాలి. చెరువు నిండితే నీళ్లు పొర్లే అలుగు నుంచి కింది చెరువు దాకా దారి తెరవాలి. నాలా వెడల్పు అక్కడ కావాలి, ఆ వరుసలో కావాలి.

ఏది చేసినా కొన్ని ఇళ్లు పోతాయి. నాలా ఒడ్డున ఉండేది ఎక్కువగా రోజు కూలీలు, ఇళ్లలో పనిచేసేవాళ్లు. పనికి నడిచి వెళ్లేంత దూరంలో వాళ్లకు ఇల్లు చూపించాకే జేసీబీ రావాలి. ఈ విషయంలో నేను రాజీపడను.

మొన్న మే నెలలో మా చెరువు కట్ట ఎక్కి చూశాను. వారాల తరబడి చినుకు లేదు. అయినా నీళ్లు అలుగుకు జానెడు కిందే ఉన్నాయి, అంతా మురుగే.