అదునుకు పడిన డబ్బు, అదును దాటి పడిన డబ్బు: పెట్టుబడి సాయంపై ఏడేళ్ల సమీక్ష

తెలంగాణలో రెండెకరాల పత్తి చేను ఉన్న ఇంటికి సర్కారు డబ్బు రెండు దారుల్లో వస్తుంది. ఒకటి రాష్ట్రానిది. 2018 మే 10న హుజూరాబాద్‌లో రైతుబంధుగా మొదలైంది. మొదటి సీజన్‌లో ఎకరానికి 4 వేల చెక్కు ఇచ్చారు, 2019 వానాకాలం నుంచి 5 వేలు చేశారు. 2025 జనవరి 26 నుంచి రైతు భరోసా పేరుతో సీజన్‌కు 6 వేలు ఇస్తున్నారు. రెండోది కేంద్రానిది, పీఎం కిసాన్. ఏడాదికి 6 వేలు, నాలుగు నెలలకోసారి 2 వేల చొప్పున మూడు విడతలు. రెండూ కలిపితే రెండెకరాల ఇంటికి ఏడాదికి 30 వేలు. ఇది పట్టాలో ఎకరాలు సరిగ్గా పడి, బ్యాంకు ఖాతా కుదురుగా ఉన్న ఇంటి లెక్క.

ఏడేళ్లు చూశాక తేలింది ఒకటే: డబ్బు ఎంత అన్నది రెండో మాట, ఏ రోజు పడింది అన్నది మొదటి మాట.

2025 ధరలతో లెక్క వేద్దాం. ఎకరానికి రెండు పత్తి విత్తనాల ప్యాకెట్లు కావాలి. 475 గ్రాముల ప్యాకెట్ గరిష్ఠ ధర 901 రూపాయలు, నాలుగింటికి 3,604. అడుగు మందుగా ఎకరానికో బస్తా డీఏపీ వేస్తే 1,350 చొప్పున 2,700. సీజన్ మొత్తానికి నాలుగు బస్తాల యూరియా, 45 కిలోల బస్తా 266.50 చొప్పున 1,066. మొత్తం 7,370. రెండెకరాలకు సీజన్‌కు వచ్చే రైతు భరోసా 12 వేలలో ఇది పోగా 4,630 మిగులుతుంది. దుక్కికి, అచ్చు తోలడానికి, విత్తనం పెట్టే కూలీలకు అందులోంచే సర్దాలి. పురుగు మందులు, కలుపు, అన్నిటికన్నా పెద్దదైన పత్తి ఏరే కూలి ఈ లెక్కలో లేవు. అంటే ఈ సాయంతో పంట చేతికి రాదు, చేను మొలకెత్తుతుంది. అంతవరకే అనుకుని వాడితే బాగా పనికొస్తుంది.

అదే 12 వేలు జూన్‌లో పడకపోతే? నెలకు నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చి, పత్తి అమ్మాక ఆరు నెలలకు కడితే మిత్తే 2,160. దాదాపు ఐదో వంతు గాలికి పోయినట్టే. ఎరువుల దుకాణంలో ఉద్దెర పెడితే నష్టం ఇంకా పెద్దది, పైగా కంటికి కనిపించదు. ఉద్దెర ఇచ్చేవాడు రైతు అడిగిన విత్తనం ఇవ్వడు, తన దగ్గర మిగిలింది ఇస్తాడు. బిల్లు రాయడు. యూరియాతో పాటు అక్కర్లేని డబ్బా ఒకటి అంటగడతాడు. పంట తన కాంటాకే రావాలంటాడు, అక్కడ తేమ పేరుతో కిలోలు కోస్తాడు. చేతిలో నగదు ఉంటే ఈ నాలుగూ తప్పుతాయి. నగదుకు కొన్నవాళ్లు చేయాల్సిన పని ఒకటుంది: లాట్ నంబరుతో సహా బిల్లు రాయించుకుని, ఖాళీ ప్యాకెట్లు పంట అయిపోయేదాకా దాచాలి. మొలక రాకపోతే పరిహారం అడగడానికి చేతిలో ఉండే ఆధారం అదే.

నగదు వల్ల ఇంకో మేలు ఓపిక. 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడి నేల బాగా తడిశాకే పత్తి పెట్టాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. మొదటి జల్లుకే పొడి దుక్కిలో పెట్టి, తర్వాత పది రోజులు ఎండ కాస్తే విత్తనం మాడిపోతుంది. మళ్లీ 3,604 పెట్టి కొనాలి. సాయం లెక్కలో రెండో విత్తుకు చోటు లేదు. కాబట్టి డబ్బు పడిన రోజే విత్తనం తెచ్చుకున్నా పదును చూసే చేను ఎక్కాలి.

తేదీల విషయంలో ఈ పథకం రికార్డు గొప్పగా లేదు. 2018 మేలో వచ్చిన చెక్కులు సరిగ్గా అదునుకు అందాయి. 2023 యాసంగిలో పంపిణీకి ఎన్నికల సంఘం ఇచ్చిన అనుమతిని నవంబర్ 27న వెనక్కి తీసుకుంది. తర్వాత మొదలైన పంపిణీ నెలల తరబడి సాగింది. 2024 వానాకాలానికి అసలు పడలేదు. 2025 వానాకాలంలో జూన్ 16న మొదలుపెట్టి తొమ్మిది రోజుల్లో పూర్తి చేశారు, అది మెచ్చుకోవాల్సిందే. ఆలస్యంగా పడిన డబ్బు వృథా కాదు గానీ చేనుకు చేరదు. ఫీజుకో, ఆస్పత్రికో, పాత అప్పుకో పోతుంది. ఆ ఇంటిని తప్పుపట్టలేం, అప్పటికే విత్తనం అప్పు మీద భూమిలో పడి ఉంటుంది.

అలా అదును దాటి పడిన డబ్బుకు తెలివైన దారి పంట రుణం రెన్యూవల్. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల దాకా మిత్తి 7 శాతం, గడువులోపు కడితే 3 శాతం రాయితీ దొరికి 4 శాతమే. లక్ష అప్పుకు ఏడాదికి 3 వేల తేడా. బయటి అప్పు 36 శాతం. గడువు తప్పితే ఆ రాయితీ పోతుంది, మరుసటి ఏడాది మళ్లీ బయటి అప్పు గుమ్మం తొక్కాలి.

పీఎం కిసాన్ 2 వేలను తక్కువ చేసి మాట్లాడేవాళ్లు చాలామంది. ఏడు బస్తాల యూరియా వస్తుంది, అది పైపాటుకు (పైరు ఎదిగేటప్పుడు వేసే ఎరువుకు) చిన్న మాట కాదు. అయితే భూమి ఎంత ఉన్నా ఇంటికి అంతే. భార్య, భర్త, మైనర్ పిల్లలు కలిపి ఒక కుటుంబం. 2019లో నిర్ణయించిన 6 వేలు ఇప్పటికీ 6 వేలే.

ఇక చెడిపోయే చోట్లు. రెండు డబ్బులూ ఒకే ఖాతాలో పడతాయనుకోవడం మొదటి పొరపాటు. రైతు భరోసా ఏఈవో (వ్యవసాయ విస్తరణాధికారి) దగ్గర రాయించిన ఖాతా నంబరుకు వెళ్తుంది. పీఎం కిసాన్ ఆధార్‌ను చివరగా ఏ బ్యాంకుకు డీబీటీ (సర్కారు డబ్బు నేరుగా ఖాతాలో వేసే పద్ధతి) కోసం జోడించారో అక్కడికి వెళ్తుంది. ఖాతాకు ఆధార్ ఇవ్వడం వేరు, డీబీటీ మ్యాపింగ్ వేరు. ఎక్కడో కొత్త ఖాతా తెరిచినప్పుడు సంతకం పెట్టిన కాగితంతో మ్యాపింగ్ అటు మారిపోతుంది, డబ్బు పడలేదని ఇక్కడ తిరుగుతూ ఉంటారు. ఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంకు సీడింగ్ స్థితి చూస్తే ఏ బ్యాంకో నిమిషంలో తెలుస్తుంది. రెండో పొరపాటు పాత ఐఎఫ్ఎస్‌సీ కోడ్. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు కెనరాలో కలిశాక పాస్‌బుక్కులు, కోడ్‌లు మారాయి. రికార్డులో పాతది ఉంటే డబ్బు వెనక్కి పోతుంది. మూడోది, అప్పు మీరిన ఖాతాలోనే సాయం పడటం. బ్యాంకు దాన్ని హోల్డ్‌లో పెట్టే ప్రమాదం ఉంది. అప్పుతో ముడిలేని పొదుపు ఖాతా నంబరు రాయించడమే మందు. పీఎం కిసాన్‌కు ఈ-కేవైసీ (ఆధార్‌తో గుర్తింపు నిర్ధారణ), భూమి వివరాల జోడింపు కూడా పూర్తయి ఉండాలి. వేలిముద్రలు అరిగిపోయిన పెద్దవాళ్లకు ఫోన్‌లో ముఖం చూపించి చేసే పద్ధతి 2023 నుంచి ఉంది. ఇవన్నీ మే నెలలోనే చూసుకోవాలి, జూన్‌లో ఏఈవో దొరకడు.

గుంటల లెక్క కూడా సరిచూడాలి. ఎకరా 20 గుంటలకు, అంటే ఎకరన్నరకు, సీజన్‌కు 9 వేలు రావాలి. తక్కువ పడితే తప్పు సాధారణంగా పాస్‌బుక్‌లోనే ఉంటుంది. ఒక సర్వే నంబరు ఎక్కలేదు, లేదా సాగులో లేదని తీసేశారు. పట్టాదారు చనిపోతే విరాసత్ (వారసుల పేరు మీదికి పట్టా మార్పు) అయ్యేదాకా సాయం ఆగుతుంది. అన్నదమ్ముల పంపకం తేలక నాలుగైదు సీజన్లు పోగొట్టుకున్న ఇళ్లు ఊరూరా ఉన్నాయి. పీఎం కిసాన్‌కు 2019 ఫిబ్రవరి 1 తర్వాత కొన్న భూమి చెల్లదు, వారసత్వంగా వచ్చింది మాత్రం చెల్లుతుంది.

అన్నిటికన్నా పెద్ద లోపం కౌలు రైతుది. దున్నేది ఒకరు, డబ్బు పడేది పట్టాదారుకు. పట్నంలో ఉండే పట్టాదారుకు కౌలు ఒకవైపు, సాయం మరోవైపు. వడగళ్లు పడితే మునిగేది కౌలుదారు ఒక్కడే. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టంతో 11 నెలల సాగుదారు హక్కు పత్రం తెచ్చారు, కానీ దానికి భూయజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందన్న భయంతో చాలామంది పెట్టరు. ప్రభుత్వం ఈ పద్ధతి మార్చేదాకా కౌలుదారు చేతిలో ఉన్న అదును ఒక్కటే: కౌలు మాట్లాడే రోజు. సాయం పడితే కౌలులో ఎంత తగ్గించాలి, పడకపోతే ఎంత, అడ్వాన్సు ఎప్పుడు అన్నది ఉగాదికి ముందే ఇద్దరు పెద్దమనుషుల ఎదుట తెల్లకాగితం మీద రాయించుకోవాలి. విత్తనం పెట్టాక అడిగితే ఎవరూ తగ్గించరు.