మేడారం కాలినడక: గుంపుతోనా, ఇద్దరేనా?
వరంగల్ నుంచి ములుగు, పస్రా, తాడ్వాయి మీదుగా మేడారం సుమారు 100 కిలోమీటర్లు. గుంపుతో పోతే బియ్యం, గిన్నెలు, దుప్పట్లు ట్రాలీ ఆటోలో వస్తాయి; చేతిలో నీళ్ల సీసా చాలు. కానీ 20 మందికి పూటకు మూడు కిలోల బియ్యం ఉడికి, అందరూ తిని లేచేసరికి ఎండ ముదురుతుంది. నడకంతా వెనకబడ్డవాళ్ల వేగమే.

ఇద్దరైతే తెల్లారగట్ల 4 గంటలకు లేచి, పదికల్లా 20 కిలోమీటర్లు దాటొచ్చు. సంచి ఆరు కిలోలు మించొద్దు: దుప్పటి, అటుకులు, బెల్లం, రెండు లీటర్ల నీళ్లు. అసలు చిక్కు పాదాలతోనే. చెమటకు తడిసిన సాక్సు రాసుకుని బొబ్బ లేస్తే ఎక్కి కూర్చోవడానికి వెంట బండి ఉండదు. మంట మొదలవగానే ఆగి, పాదం ఆరబెట్టి, టేపు అంటించాలి. ఒకరిది జోరు నడకైతే రెండోవాళ్లు మొహమాటానికి కాళ్లీడుస్తారు, చెప్పరు. పస్రా దాటాక అడవి దారి. అక్కడ చీకటి పడితే ఏదో ఒక గుంపులో కలవడమే నయం.