మార్పులు చేసిన కారుకు ‘ఫిట్‌నెస్ చెకప్’: పానా పని బాగుంది, కాయితం పని లేదు

పదిహేనేళ్లు నిండిన సొంత కారు ఆర్‌సీ రెన్యువల్‌కు తనిఖీ తప్పదు. ఏపీ 36 (పాత వరంగల్ జిల్లా రిజిస్ట్రేషన్) నంబరు బండ్లు చాలా ఇప్పుడు ఆ వరసలోనే ఉన్నాయి. అందుకే వరంగల్, హన్మకొండ గ్యారేజీల్లో తనిఖీకి ముందు ‘చెకప్’ చేసిస్తున్నారు. బండిని లేపి చూసి, లోపాలు సరిచేసి ఇస్తారు. మెకానిక్ పని వరకైతే పైసలు దండగ కాదు.

లైట్ల దగ్గర చెయ్యి తిరిగినవాళ్లే. హెచ్4 రకం హాలోజెన్ బల్బు కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో ఎల్‌ఈడీ బల్బు పెడితే వెలుగు పుట్టే చోటు మారుతుంది, డిమ్‌లో కూడా ఎదుటివాడి కళ్లలో కొడుతుంది. స్క్రూ ఎంత తిప్పినా కటాఫ్ గీత (డిమ్ వెలుగు పైన ఆగిపోయే అంచు) సరిగా రాదు. మళ్లీ 60/55 వాట్ల హాలోజెన్ వేయడమే మందు. అంతకుముందు 100/90 బల్బులు వాడి ఉంటే హోల్డరు విప్పి చూడమనండి, వేడికి ప్లాస్టిక్ కరిగి ఉండొచ్చు. స్ప్రింగులు కోసి కిందికి దించిన బండికైతే కొత్త స్ప్రింగులు వేసి, టైర్లలో గాలి పట్టి, చివర్లో లైట్లు సెట్ చేయాలి. వరస తప్పితే చేసిన పనే మళ్లీ.

టైరు గాడి లోతు 1.6 మి.మీ.కు తగ్గొద్దు. 185/65 ఆర్15 తీసి 195/65 వేస్తే చక్రం రెండు శాతం పెరిగి స్పీడోమీటర్ ఆ మేరకు తక్కువ చూపిస్తుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు చక్రం పైనున్న లైనింగ్‌కు రాస్తుందా అన్నది అంతకంటే ముఖ్యం.

క్యాటలిటిక్ కన్వర్టర్ పీకేసిన పెట్రోల్ బండికి పొల్యూషన్ కష్టమే. పొగలో పరిమితి బీఎస్-3 ప్రమాణం బండికి సీఓ (కార్బన్ మోనాక్సైడ్) 0.5 శాతం, హెచ్‌సీ (హైడ్రోకార్బన్లు) 750 పీపీఎం, బీఎస్-4కి 0.3 శాతం, 200 పీపీఎం. కన్వర్టర్ ఉన్నా ఇంజిన్ చల్లగా ఉంటే రీడింగ్ ఎక్కువొస్తుంది, పావుగంట నడిపాకే పరీక్ష గొట్టం పెట్టించాలి.

బుల్‌బార్ (బంపర్ ముందు బిగించే ఇనుప గార్డు) విప్పేస్తారు, కానీ దాని మీదున్న నంబర్ ప్లేటు సంగతి చెప్పరు. హెచ్‌ఎస్‌ఆర్‌పీ (హై సెక్యూరిటీ నంబర్ ప్లేటు)ని పట్టి ఉంచే స్నాప్‌లాక్ ఒకసారి తెగితే మళ్లీ పనికిరాదు.

వీళ్లు చెయ్యి పెట్టనిది కాయితాల దగ్గర. బండి రంగు మారి ఆర్‌సీలో ఎక్కకపోతే ఏ పానా దాన్ని సరిచేయలేదు. సీఎన్‌జీ కిట్ ఉంటే ఆర్‌సీ ఇంధనం గడిలో అది ఉండాలి, ఆ మోడల్‌కు ఆమోదమున్న కిట్ అన్న సర్టిఫికెట్ ఉండాలి, సిలిండర్‌కు మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్ (నీళ్లు నింపి ఒత్తిడి పెట్టి చూసే పరీక్ష) అయి ఉండాలి. ఇవి ముందు చూసుకోకుండా గ్యారేజీకి పోవడం తలకిందుల పని. ‘ఆఫీసులో మనోడున్నడు, చూసుకుంటడు’ అన్న మాటకు కూడా బిల్లులో రేటు వేస్తే అది కొట్టేయించండి.

ఆర్‌సీ రెన్యువల్ దరఖాస్తు, అంటే ఫారం 25, గడువుకు 60 రోజుల ముందు నుంచి పెట్టుకోవచ్చు. గ్యారేజీలో అండర్‌బాడీ కోటింగ్ కొట్టించుకుంటే మాత్రం ఛాసిస్ నంబరు మీద టేపు వేయమనండి. దాని మీద కోటింగ్ పడితే పెన్సిల్ ప్రింట్ (కాయితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసే నంబరు ముద్ర) రాదు, అక్కడే నిలబడి గీకాలి.