తెలంగాణ డయాగ్నస్టిక్స్ ఉచిత పరీక్షలు: నల్గొండ దిక్కు నడుము నొప్పికి ఎంత అక్కరకొస్తయి?

పైసా ఖర్చు లేదు, ఆ మాట నిజమే. పీహెచ్‌సీలో రక్తం తీస్తరు, నమూనా జిల్లా హబ్‌కు పోతది, రిపోర్టు ఫోన్‌కు వస్తది. అందుకే రోగిది కాకుండ తోడున్నోళ్ల నంబరు రాయించుడు మేలు.

చిక్కంతా డాక్టరు పరీక్షలు రాసే చీటీలనే ఉంటది. మర్రిగూడ, మునుగోడు దిక్కు భార్యకో భర్తకో మెడ, నడుము బిగుసుకపోతే కీళ్లవాతమని నొప్పి మాత్రలతోని సరిపెట్టుడు ఉంటది. అది ఫ్లోరోసిస్ కూడా కావొచ్చు, అంటే నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు, కీళ్లు బిగుసుకపోయే జబ్బు. కీళ్లవాతానికి చేసే రక్తపరీక్ష ఆర్‌ఏ ఫ్యాక్టర్ కొంచెం పాజిటివ్ వస్తే కీళ్లవాతమే అనేటందుకు చాలదు; వయసు మీదపడ్డా అట్ల వస్తది. ఎముకలు, కిడ్నీల తీరు చెప్పే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, కాల్షియం, క్రియాటినిన్ రక్తపరీక్షలు రాయమని అడగండి. నడుముతో పాటు ముంజేతి ఎక్స్‌రే కూడా తీయించండి: రెండెముకల నడుమ పొర గట్టిపడి తెల్లగ కనిపిస్తే ఫ్లోరోసిస్ అనుమానం బలపడ్తది. మూత్రంల ఫ్లోరైడ్ చూపియ్యాలంటే ప్లాస్టిక్ సీసనే వాడాలె. గాజుదైతే లెక్క తప్పుతది. బోరు నీళ్లు కూడా పరీక్షకియ్యండి, ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దు.

కాళ్లు పట్టుదప్పి, మూత్రం ఆగితే మాత్రం రిపోర్టు కోసం చూడొద్దు. వెన్నుపాము నొక్కుకపోయి ఉండొచ్చు, 108కు చెయ్యండి.

రక్తపరీక్షల వరకైతే ఐదుకు నాలుగు మార్కులు.